డిక్కీలో రెండు వందల పౌన్లు

ఆ ఆదివారం పొద్దున కూడా సంచి నేనే సర్దాను. గోధుమరంగు కాన్వాసు సంచి అది. పిడి రెండుసార్లు తెగితే రెండుసార్లూ నేనే కుట్టాను. అడుగున రెండు తువ్వాళ్ళు, వాటిమీద జిగ్గీకి మారుచొక్కా, పక్కన కాఫీ ఫ్లాస్కు, కాగితంలో చుట్టిన రై రొట్టె, దాని మధ్య చల్లారిన కీల్బాసా సాసేజీ ముక్కలు, సీసాలో ఊరబెట్టిన దోసకాయలు. అన్నిటికన్నా పైన అతని చేతితొడుగులు. నా మొగుడు జిగ్మంట్, అందరికీ జిగ్గీ, తలుపు దగ్గర నిలబడి తాళాలు ఆడిస్తూ, పావు మైలు పరుగుకి పోలండు దాకా వెళ్ళేంత సర్దుతున్నావని నవ్వాడు. ప్రతి ఆదివారం అనే మాటే అది. నేనూ ఎప్పటిలాగే వినబడనట్టు ఊరుకున్నాను.

సర్దడం నాకు సరదా కాదు, భయం. నా పదకొండో ఏట మా నాన్న టోలీడోలో పని దొరికిందని చెప్పి, అమ్మని దగ్గరికి రానివ్వకుండా తన సంచి తనే సర్దుకుని వెళ్ళాడు. మా తమ్ముడు లెషెక్‌కి అప్పుడు నాలుగేళ్ళు. వాడు మెట్లమీద కూర్చుని నాన్న కోసం చూసి చూసి అక్కడే నిద్రపోయేవాడు, నేను లోపలికి మోసుకొచ్చేదాన్ని. ఆ తర్వాత మా ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి వెళ్ళినా సంచి నేనే సర్దేదాన్ని. నేను సర్దిన సంచి ఏదీ ఇంటికి రాకుండా పోలేదు. లెషెక్ సైన్యంలోకి వెళ్ళి రెండేళ్ళకి అదే సంచితో తిరిగొచ్చాడు. పెళ్ళయిన కొత్తల్లోనే జిగ్గీకి ఈ సంగతి చెప్పాను. అతను నవ్వకుండా విన్నాడు. అందుకే అతనంటే నాకు అంత ఇష్టం కలిగింది.

మేం ఉండేది హామ్‌ట్రామిక్‌లో, పోలండు నుంచి వచ్చినవాళ్ళు కార్ల ఫ్యాక్టరీల చుట్టూ కట్టుకున్న ఊరది. జిగ్గీ ఒక కార్ల కంపెనీలో పనిచేసేవాడు, లెషెక్ దాని పోటీ కంపెనీలో. మా వీధిలో ఇది చిన్న విషయం కాదు. ఎవరి కంపెనీ బండి వాళ్ళ వాకిట్లో ఉండాలి, రెండోది కాస్త అవతల ఆగాలి. అరవై ఎనిమిది చివర్లో జిగ్గీ మస్టాంగ్ కొన్నాడు, ఎర్రది. వారం తిరక్కుండా లెషెక్ కమారో తెచ్చాడు, ముదురు ఆకుపచ్చది. ఇక ఏ ఆదివారం భోజనాల దగ్గర కూర్చున్నా ఒకటే గొడవ. బండి ముందు భాగం ఎవరిది బరువు, మలుపులో ఎవరిది తేలిక, మొదటి గేరులో ఎవరి టైర్లు జారతాయి, మూడో గేరు పడ్డాక ఎవరిది గుర్రంలా లాగుతుంది. నా వంటింటి బల్లమీద ఉప్పు సీసా మస్టాంగ్, మిరియాల సీసా కమారో.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నది జిగ్గీ తెచ్చే కార్ల పత్రికలు చూసే. బంగాళాదుంపలు చెక్కుతూ కూడబలుక్కుని చదివేదాన్ని. అలా చదివి చదివి, బండి నడపడం రాని నాకు కూడా బండ్ల లెక్క వచ్చింది. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క, ఆదివారాలు బండ్లు పావు మైలు పందెం పరిగెత్తే స్ట్రిప్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బండిలోంచి వంద పౌన్లు దింపితే పావు మైలులో సెకనులో పదో వంతు మిగులుతుంది. వంద పౌన్లు ఎక్కిస్తే పదో వంతు పోతుంది.

అందుకే స్ట్రిప్‌కి వెళ్ళగానే అందరూ ముందు చేసే పని డిక్కీ ఖాళీ చేయడం. స్టెప్నీ, జాకీ, వెనక సీటు, కాళ్ళకింది చాపలు, పిల్లల బొమ్మలు కూడా గడ్డిలో కుప్పగా పోస్తారు. ప్రతి కుప్ప పక్కన ఒక భార్యో, చెల్లెలో దుప్పటి పరుచుకుని కాపలా కూర్చుంటుంది. అరవై తొమ్మిదిలో ఆ వేసవంతా జిగ్గీ కుప్పకీ లెషెక్ కుప్పకీ నేనొక్కదాన్నే కాపలా. ఆ ఏడు ఇద్దరి బండ్లూ పద్నాలుగు సెకన్లకి అటూ ఇటూగా పరిగెత్తేవి. ఒక వారం ఒకరు గెలిస్తే ఒక వారం ఇంకొకరు.

డెబ్భైలో వసంతం వచ్చి స్ట్రిప్ తెరిచాక జిగ్గీ ఒక కొత్త మాట మొదలుపెట్టాడు. ఇకమీద డిక్కీ ఖాళీ చేసేది లేదట. కొట్టుకి వెళ్ళి పాలు తెచ్చే బండి ఎలా వెళ్తుందో అలాగే పరిగెత్తాలి, అప్పుడే అది అసలైన పోటీ అట. లెషెక్ వెంటనే సరేనన్నాడు. ఉప్పు తెల్లగా ఉంటుందని జిగ్గీ అంటే కాదనే మనిషి లెషెక్. అలాంటివాడు సరేననగానే నేను చెయ్యి ఆపి చూశాను. తర్వాత, ఇద్దరికీ వయసొచ్చింది, బుద్ధొచ్చింది అని సంతోషించాను కూడా.

ఆ వేసవిలో రెండు బండ్లూ నెమ్మదించాయి. రెండూ సమానంగా నెమ్మదించాయి. పద్నాలుగు సెకన్లూ, రెండు పదో వంతులూ. స్టెప్నీ మోస్తున్నాయి కదా అని కొంత, గాలిలో తేమ ఎక్కువని కొంత సర్దిచెప్పుకున్నాను. మధ్యలో ఒకసారి గరాజులోకి వెళితే గోడకి కొక్కేలు ఖాళీగా కనిపించాయి. జిగ్గీ పనిముట్లు, బల్లకి బిగించి ఉండే పెద్ద ఇనప వైస్ లేవు. ఏవని అడిగితే లెషెక్‌కి ఎరువిచ్చానన్నాడు. లెషెక్‌ని అడిగితే అవునన్నాడు. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు గనక ఇంకేమీ అడగలేదు.

ఆగస్టులో కాలిఫోర్నియా నుంచి ఒక పత్రికాయన వచ్చాడు. పేరు ప్రూయిట్. మనిషి సన్నగా, ఎండకి కందిపోయి, మాట మెత్తగా ఉండేవాడు. కంపెనీలు పంపే బండ్లు కాకుండా జనం రోజూ తిప్పుకునే మస్టాంగ్‌నీ కమారోనీ పక్కపక్కన పెట్టి పోల్చి రాయాలని అతని ఆలోచన. స్ట్రిప్ దగ్గర గేటూ మైకూ చూసుకునే ముసలి బోలెక్‌ని అడిగితే, ఈ చుట్టుపక్కల ఆ పోటీ అంటే జిగ్గీ, లెషెక్‌లదే అని చెప్పేశాడు. కాదనడానికి ఇద్దరి దగ్గరా పైకి చెప్పదగ్గ కారణం లేదు. పత్రికలో పేరు పడుతుందంటే కాదనేవాడు హామ్‌ట్రామిక్‌లో పుట్టలేదు. ఎవరి బండి వాళ్ళే నడుపుతామనుకుని ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం అక్కడికి వెళ్ళాక తెలిసింది, నడిపేది ప్రూయిట్ అని. రెండు బండ్లూ ఒకే మనిషి నడిపితేనే తేడా బండిదో మనిషిదో తెలుస్తుంది, మా పద్ధతి అంతే అన్నాడు. లెషెక్ మెడ రుద్దుకున్నాడు. తన క్లచ్ కొత్తవాళ్ళకి అలవాటు కాదనీ, పాడవుతుందనీ ఏదో చెప్పబోయాడు. ప్రూయిట్ అప్పటికే తలకి హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.

ముందు కమారో. నేను కంచె దగ్గర నా చోట నిలబడ్డాను. ఆ బండి శబ్దం నాకు మా తమ్ముడి గొంతంత తెలుసు. మొదటి గేరు, రెండు, మూడు, ఆ తర్వాత చివర్లో ఎప్పుడూ వినబడే చిన్న సడలింపు కోసం నా చెవి ఎదురుచూసింది. ఆ సడలింపు రాలేదు. శబ్దం గీత దాటేదాకా నిండుగా వెళ్ళింది. బోలెక్ మైకులో పద్నాలుగు సెకన్లని చదివాడు. ఇంకోసారి పరిగెత్తించినా అంతే వచ్చింది. ఆ వేసవిలో లెషెక్ ఒక్కసారి కూడా అక్కడిదాకా రాలేదు.

కంచె పొడుగునా నవ్వులు.

"ఏరా లెషెక్, ఇన్నాళ్ళూ కాలికి క్యాబేజీ కట్టుకుని తొక్కుతున్నావా?" అన్నాడు బోలెక్ మైకులోనే. "బండి కొత్తదేలే. డ్రైవరే సెకండ్ హ్యాండు."

తన బండి అనుకున్నదానికన్నా జోరైనదని తెలిస్తే ఎగిరి గంతెయ్యాలి ఎవరైనా. మా తమ్ముడి మొహం పాలిపోయింది. వాడు సెకన్లు పడే బోర్డు వైపు చూడలేదు. జిగ్గీ వైపు చూశాడు.

తర్వాత మస్టాంగ్. పద్నాలుగు సెకన్లూ, రెండు పదో వంతులూ. జిగ్గీ నడిపితే ఎంతో, ప్రూయిట్ నడిపినా అంతే. ప్రూయిట్ దిగి, టైర్లు తడిమి, బానెట్ ఎత్తి చూసి, ఇంజను గడియారంలా ఉంది, మరి ఏదో పట్టి లాగుతోంది అన్నాడు. బండిని కాటా మీదికి తోయించాడు. ముల్లు ఆగాక తన కాగితం చూసుకుని మళ్ళీ ముల్లు చూశాడు. ఉండవలసినదానికన్నా దాదాపు రెండు వందల పౌన్లు ఎక్కువ.

"లోపల మీ అత్తగారిని గానీ కూర్చోబెట్టావా జిగ్గీ?" అన్నారెవరో.

"స్టెప్నీయే" అన్నాడు జిగ్గీ.

"రెండు వందల పౌన్ల స్టెప్నీయా? ట్రాక్టరుదా?"

పోలిక సరిగ్గా ఉండాలంటే రెండు డిక్కీలూ ఖాళీ చేయాలని ప్రూయిట్ అడిగాడు. అక్కర్లేదన్నాడు జిగ్గీ. ఇలాగే రాసుకోమన్నాడు, ఓడినట్టే రాసుకోమన్నాడు. జిగ్గీ నోట ఆ మాట విని బోలెక్ మైకు కిందపెట్టాడు. రెండు వందల పౌన్లంటే రెండు పదో వంతులు. పత్రిక చదివేవాళ్ళెవరికైనా వచ్చే లెక్క అది. సెకనులో వందో వంతు గురించి బల్లలు గుద్దుకునే మనుషుల మధ్యకి, బండిలో బరువు దాచి ప్రతి ఆదివారం తీసుకొచ్చాడు నా మొగుడు. దాస్తే దాగుతుందనుకున్నాడు. ఇల్లంతా నేను వారానికోసారి మూలమూలా తుడుస్తాను. నా చెయ్యి పడని చోటు ఆ డిక్కీ ఒక్కటే.

తాళం నా దగ్గర లేదు. నేను వెళ్ళి చెయ్యి చాపాను. జిగ్గీ నా చేతివైపు చూసి, డిక్కీ తనే తీశాడు.

ముందు నేను సర్దిన కాన్వాసు సంచి. దాని వెనక గరాజు కొక్కేలమీద ఉండాల్సిన పనిముట్లు, రెండు ఇనప పెట్టెల్లో. బరకం గుడ్డలో చుట్టిన వైస్. చలికాలం బూట్లు. దేవదారు పెట్టెలో కలరా ఉండలు వేసి నేను దాచిన ఉన్ని కోటు. అన్నిటికీ అడుగున పెద్ద సైనికుల సంచి, నోరు తాడుతో బిగించి ఉంది. చొక్కాలు మడతపెట్టిన తీరు పైనుంచే తెలుస్తోంది. చతురస్రంగా, బిగువుగా. అది జిగ్గీ మడత.

ఎవరో వేటకి వెళ్తున్నావా అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశారు.

సామాను గడ్డిలో పెట్టారు. నేను దుప్పటి పరుచుకుని ఆ కుప్ప పక్కన కూర్చున్నాను. ఎక్కడికి పోతాను, నా చోటు అదే కదా. ఒక చేతి పక్కన నేను సర్దిన సంచి, ఇంకో చేతి పక్కన అతను సర్దుకున్న సంచి. కంచె దగ్గర మళ్ళీ ఇంజను రంకె వేసింది. ఖాళీ మస్టాంగ్ పద్నాలుగు సెకన్ల లోపలికి వచ్చింది. కమారో కూడా ఖాళీ అయి మళ్ళీ పరిగెత్తింది. మస్టాంగే గెలిచింది, సెకనులో వందో వంతులు రెండు తేడాతో. జనం ఈలలు వేశారు. ఈ పోటీ తేలాలని నా వంటింట్లో రెండేళ్ళు కొట్టుకున్నారు ఇద్దరూ. తేలినప్పుడు ఇద్దర్లో ఒక్కడూ బోర్డు చూడలేదు.

ముందు లెషెక్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు.

"చివర్లో కాలు తీసేసేవాణ్ణి అక్కా" అన్నాడు. "బావ బండి ఒక్కటే వెనకబడితే ఎందుకని నువ్వు అడుగుతావు. నీ చెవి సంగతి నాకు తెలియదూ? రెండూ కలిసి వెనకబడితే గాలి అనుకుంటావని."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మంచు కరిగినప్పట్నుంచి. నీకు చెప్పమని ఎన్నిసార్లో అన్నాను. చెబుతాను చెబుతానన్నాడు."

ఎక్కడికని అడిగితే అరిజోనా అన్నాడు. అక్కడ ఎడారిలో టైర్లు పరీక్షించే ట్రాక్ ఉంది, జిగ్గీకి బండి నడిపే పని దొరికింది, ఆకులు రాలే కాలానికి వెళ్ళాలనుకున్నాడు, ఇక్కడి ఫ్యాక్టరీలో తలుపు గడియలు బిగించలేక చచ్చిపోతున్నాడు. ఇవన్నీ వాడు నేల చూస్తూ గబగబా చెప్పాడు. నేను వాడి తలనే చూస్తున్నాను. నాలుగేళ్ళప్పుడు మెట్లమీద నిద్రపోతే నా భుజానికి ఆనిన తల అది. సంచి తనే సర్దుకుని వెళ్ళే మనిషి అంటే ఏమిటో ఈ భూమ్మీద నాతోపాటు తెలిసినవాడు వాడొక్కడే. తెలిసీ వేసవంతా, వారం వారం, నేను కంచె పట్టుకుని వింటుంటే కాలు తీశాడు. ఎంత నేర్పుగా తీశాడంటే రెండు బండ్లూ కవలపిల్లల్లా వచ్చేవి. మొగుడు దాచాడంటే కొంత అర్థం చేసుకోవచ్చు. మొగుడు బయటినుంచి వచ్చిన మనిషి.

"నాన్న వెళ్ళినప్పుడు నీకు తెలిసుంటే నాకు చెప్పేవాడివా?" అన్నాను.

వాడు టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

జిగ్గీ సామాను ఎక్కించడానికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ప్రూయిట్ ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. జిగ్గీ స్టెప్నీ ఎక్కించాడు, జాకీ ఎక్కించాడు, పనిముట్ల పెట్టెలు ఎక్కించాడు. ఎంతో ఒద్దికగా, దేని చోట దాన్ని పెట్టాడు. ఎన్నిసార్లు అభ్యాసం చేశాడో. నేను లేవలేదు. చివరికి అతనే నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందామన్నాను. ఇంటికి వస్తే ఇక వెళ్ళలేనన్నాడు. ఏ గొడవా లేనట్టు, కాఫీలో చక్కెర చాలనట్టు చెప్పాడు. డబ్బు పంపుతానన్నాడు. స్థిరపడ్డాక కబురు చేస్తానన్నాడు. నేను రమ్మంటే వచ్చేదాన్నే, ఎడారికైనా, ఎక్కడికైనా. ఆ మాటే అన్నాను. అతను ఉన్ని కోటు దులిపి చేతిమీద వేసుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు జిగ్గీ? అది ఒక్కటి చెప్పు."

"చెబితే సంచి నేను సర్దుతానంటావు యాజా" అన్నాడు. "నువ్వు సర్దితే తిరిగి రావాలి."

ఈ మాట అతను కోపంగా అనలేదు. అంతకాలం నవ్వకుండా విన్నందుకు, నమ్మినందుకు అన్నాడు. నా భయాన్ని నాకన్నా ఎక్కువగా నమ్మిన మనిషి అతను ఒక్కడే అని నాకు అప్పుడు తెలిసింది. నమ్మాడు గనకే దాన్ని తప్పించుకోవడానికి అంత బరువు అన్ని వారాలు మోశాడు.

అతను బోలెక్‌తో వెళ్ళొస్తానని చెప్పడానికి గేటు వైపు నడిచాడు. డిక్కీ తెరిచే ఉంది. నేను లేచాను. పొద్దున నేను సర్దిన కాన్వాసు సంచి తీసుకెళ్ళి, వైస్‌కీ పనిముట్ల పెట్టెకీ మధ్య ఉన్న సందులో కూరాను. రొట్టె అలాగే ఉంది, ఆ రోజు ఎవరూ తినలేదు. సంచి మీద బరకం కప్పాను. పది పౌన్లు ఉంటుందేమో. దానికి ఎంత వేగం తగ్గుతుందో లెక్క కట్టేవాళ్ళు ఆ దారిలో లేరు.

అతను వచ్చి చూడకుండానే డిక్కీ మూశాడు. నా నుదుటిమీద ముద్దు పెట్టుకున్నాడు. మస్టాంగ్ మొక్కజొన్న చేల మధ్య దారి పట్టి రెండో గేరు, మూడో గేరు మారడం విన్నాను. తర్వాత వినబడలేదు. నన్ను ఇంటికి చేర్చింది బోలెక్. కమారో వెనక సీటు బిగించుకుని లెషెక్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. నేను ఆ బండి ఎక్కలేదు.

పత్రిక సెప్టెంబరు చివర్లో వచ్చింది. కొట్లో నిలబడే చదివాను. ఆరు పేజీలు. మస్టాంగ్ తిన్నగా వెళ్ళడంలో ఒక వెంట్రుకవాసి ముందు, కమారో మలుపుల్లో మేలు, కొనేవాళ్ళు తమ మనసు చెప్పినట్టు చేయవచ్చు అని రాశాడు. మొదటి పరుగుల్లో మస్టాంగ్ వెనకబడినా, యజమాని సొంత సామాను దింపాక లెక్క సరిపోయిందట. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. తప్పేమీ లేదందులో.

అక్టోబరులో బస్సు పార్సెల్‌లో కాన్వాసు సంచి వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు, అరిజోనాలో ఒక ఊరి ముద్ర మాత్రం ఉంది. ఫ్లాస్కు లోపల సోడా వేసి కడిగారు. దోసకాయల సీసా మూత తుడిచి బిగించారు. చొక్కా లేదు. తువ్వాళ్ళు రెండూ ఉతికి, ఇస్త్రీ చేసి, నిలువుగా మూడు మడతలు పెట్టి ఉన్నాయి. అది నా మడత కాదు. జిగ్గీది కాదు. మగవాళ్ళెవరూ తువ్వాళ్ళు అలా మడవరు. మంచు కరిగినప్పట్నుంచి తెలిసిన సంగతుల్లో లెషెక్ నాకు చెప్పకుండా మిగిల్చింది అదొక్కటి. ఆ సాయంత్రం వాణ్ణి పిలిచి తువ్వాళ్ళు చూపించాను. వాడు చూసి, ఆమె పేరు కూడా చెప్పాడు. నేను పేరు అడగలేదు.

లెషెక్ ఆ తర్వాత పాతికేళ్ళు ప్రతి ఆదివారం వచ్చి నా బల్ల దగ్గర భోంచేశాడు. నేను వడ్డించాను. వాడు ఊరికి వెళ్తే వాడి సంచి నేను సర్దలేదు. వాడు అడగలేదు.

నేను సర్దిన సంచి ఇంటికి తిరిగి వచ్చింది. జిగ్మంట్ 1970 ఆగస్టు పదహారో తేదీ, ఆదివారం వెళ్ళాడు. తిరిగి రాలేదు.